చీసపీక్‌లో పోయింది ఒక్క ఓడ, మరి ఆ పోరుకి అంత పేరెందుకు?

అడిగినవారి ప్రశ్న క్లుప్తంగా ఇది: అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఫ్రెంచ్ నౌకాదళం రాకపోతే వాషింగ్టన్ గెలిచేవాడా? 1781లో చీసపీక్ (అమెరికా తూర్పు తీరంలోని అఖాతం) దగ్గర బ్రిటిష్ వాళ్లకి పోయింది ఒకే ఒక్క యుద్ధనౌక కదా, మరి ఆ పోరే యుద్ధాన్ని తేల్చేసిందని ఎందుకంటారు? జాన్ పాల్ జోన్స్ లాంటి అమెరికన్ నావికుల పాత్ర ఎంత?

సూటిగా చెప్తాను. ఫ్రెంచ్ ఓడలు లేకపోతే యార్క్‌టౌన్ లేదు, అంటే ఆ అఖాతం లోపల బ్రిటిష్ జనరల్ కార్న్‌వాలిస్ సైన్యంతో సహా లొంగిపోవడం లేదు. అలాగని వాషింగ్టన్ ఓడిపోయేవాడని నేను అనను. అంత విశాలమైన దేశంలో, లోతట్టున, చిక్కకుండా ఇంకొన్నేళ్లు నెట్టుకొచ్చేవాడేమో. కానీ న్యూయార్క్, చార్ల్స్‌టన్ లాంటి రేవుల్లో తిష్ఠ వేసిన బ్రిటిష్ సైన్యాన్ని అక్కణ్ణుంచి కదిలించే దారి మాత్రం ఆయనకి లేదు. వాళ్లకి తిండి, మందుగుండు, కొత్త పటాలాలు అన్నీ సముద్రం మీదే వచ్చేవి. ఒక చోట ఇబ్బంది అయితే ఓడెక్కి ఇంకో చోట దిగేవాళ్లు. 1776 మార్చిలో బోస్టన్ వదిలేసి, అదే వేసవిలో న్యూయార్క్ దగ్గర దిగింది అలాగే.

చీసపీక్ విషయానికొస్తే, అక్కడ ఎన్ని ఓడలు మునిగాయన్నది పెద్ద విషయం కాదు. పోరు ముగిశాక ఆ అఖాతం ముఖద్వారం ఎవరి చేతిలో ఉందన్నదే చూడాలి. అది ఫ్రెంచివాళ్ల చేతిలో ఉండిపోయింది. లోపల కార్న్‌వాలిస్ సైన్యం ఇరుక్కుపోయింది.

నేను చరిత్ర ప్రొఫెసర్‌ని కాను. మర్చంట్ నేవీలో కెప్టెన్‌గా రిటైరై, విశాఖలో క్యాడెట్లకి నావిగేషన్ చెబుతుంటాను. బల్క్ క్యారియర్ల మీద తిరిగిన రోజుల్లో నార్‌ఫోక్ నుంచి కోకింగ్ కోల్ తేవడానికి చాలాసార్లు ఆ అఖాతంలోకి వెళ్లాను. అందుకే ఈ యుద్ధాన్ని గాలి, పోటు, ఓడ అడుగు, నీటి లోతు వైపు నుంచి చూడటం నాకు అలవాటు.

ముందు పొత్తు సంగతి. 1777 అక్టోబర్‌లో సారటోగా దగ్గర బ్రిటిష్ జనరల్ బర్గోయిన్ లొంగిపోయాడు. 1778 ఫిబ్రవరి 6న పారిస్‌లో ఫ్రాంక్లిన్ బృందం ఫ్రాన్స్‌తో రెండు ఒప్పందాలు చేసుకుంది: ఒకటి వాణిజ్యానికి, ఒకటి సైనిక మైత్రికి. సారటోగా వల్లే ఫ్రాన్స్ వచ్చిందని పాఠ్యపుస్తకాలు రాస్తాయి. అది సగం నిజం. ఫ్రెంచ్ విదేశాంగ మంత్రి వెర్జెన్ అంతకు ముందు నుంచే బోమార్షే నడిపిన ఒక బినామీ కంపెనీ పేరుతో తుపాకులు, మందుగుండు పంపిస్తున్నాడు. అంతకు ముందు బ్రిటన్ చేతిలో ఓడిన ఏడేళ్ల యుద్ధంలో పోయిన పరువు కోసం ఫ్రాన్స్ తన నౌకాదళాన్ని అప్పటికే తిరిగి కట్టుకుంటోంది. ఓడలు సిద్ధమయ్యే సమయానికి సారటోగా కలిసొచ్చింది.

స్పెయిన్ కథ వేరు. 1779 ఏప్రిల్‌లో అరాన్హువేస్ దగ్గర అది ఫ్రాన్స్‌తో ఒప్పందం చేసుకుంది కానీ అమెరికన్లతో చేసుకోలేదు. దానికి కావలసింది జిబ్రాల్టర్, మినోర్కా, ఫ్లోరిడా. తిరుగుబాటు చేసిన వలసలతో చెయ్యి కలిపితే రేపు తన వలసలు కూడా అదే దారి పడతాయన్న భయం దానికి ఉంది. ఇక డచ్చివాళ్లు. వాళ్ల సెయింట్ యుస్టేషియస్ దీవి అమెరికాకి ఆయుధాలు చేరే పెద్ద అంగడి. 1780 డిసెంబర్‌లో బ్రిటనే వాళ్ల మీద యుద్ధం ప్రకటించింది. అంటే మనం "మిత్రపక్షం" అని ఒకే మాటలో చెప్పేస్తున్నది నిజానికి ఒక్క జట్టు కాదు. ఎవరి లెక్క వాళ్లది.

అయినా ఆ గందరగోళమే బ్రిటన్ కొంప ముంచింది. ఫ్రాన్స్, స్పెయిన్ యుద్ధనౌకలు కలిపితే బ్రిటన్ కంటే ఎక్కువ. 1779 వేసవిలో ఆ రెండు దేశాలవి 60కి పైగా పెద్ద యుద్ధనౌకలు ఇంగ్లిష్ ఛానల్లోకి వచ్చాయి. ఓడల్లో జబ్బులు ప్రబలి, నీళ్లు, తిండి అడుగంటి ఏమీ సాధించకుండానే వెనక్కి పోయాయి. ఆ దండయాత్ర విఫలమైందని నవ్వేవాళ్లున్నారు. కానీ దాని తర్వాత ఇంటి ముందు సముద్రాన్ని ఖాళీగా వదిలే ధైర్యం లండన్‌కి లేకపోయింది. జిబ్రాల్టర్‌కి సరుకు చేర్చాలి. కరీబియన్‌లో చక్కెర దీవులు కాపాడుకోవాలి. ఇండియా చూసుకోవాలి. చిన్న దుప్పటి కథే: తల కప్పితే కాళ్లు బయట, కాళ్లు కప్పితే తల బయట. నా అభిప్రాయంలో ఈ యుద్ధానికి తాళంచెవి ఇక్కడుంది. ఫ్రెంచివాళ్లు బ్రిటిష్ ఓడల్ని ముంచింది తక్కువ. వాటిని కావలసిన చోట లేకుండా చేసింది ఎక్కువ.

పొత్తు కుదిరిన మర్నాటి నుంచే అంతా సాఫీగా సాగిందనుకోకండి. మొదటి మూడేళ్లూ అమెరికన్లకి తలనొప్పే. ఫ్రెంచ్ అడ్మిరల్ దెస్తాంగ్ 1778 ఏప్రిల్‌లో టూలాన్ నుంచి బయల్దేరి, దాటడానికే దాదాపు మూడు నెలలు తీసుకున్నాడు. డెలావేర్ చేరేసరికి బ్రిటిష్ అడ్మిరల్ హౌ ఓడలు న్యూయార్క్‌కి జారుకున్నాయి. వెంటపడి న్యూయార్క్ రేవు ముఖంలోని శాండీ హుక్ వెళ్తే, అక్కడ నీటి కింద ఇసుక మేట. హౌ దగ్గరున్నవి చిన్న ఓడలు, మేట లోపల భద్రంగా కూర్చున్నాడు. ఫ్రెంచివాళ్లవి పెద్దవి, డ్రాఫ్ట్ (ఓడ నీళ్లలో మునిగే లోతు) ఎక్కువ. ఆ మేట మీదుగా తీసుకెళ్లలేమని స్థానిక పైలట్లు చెప్పేశారు. కొన్ని అడుగుల నీళ్లు చాలక న్యూయార్క్ చేజారింది. రేవులోకి ఓడ తీసుకెళ్లే ప్రతి కెప్టెన్‌కీ ఆ టెన్షన్ తెలుసు: చార్ట్‌లో లోతు, ఆ పూట పోటు, మన డ్రాఫ్ట్, ఈ మూడింటి లెక్క కుదరకపోతే ఎంత బలమున్నా బయటే నిలబడాలి.

తర్వాత, అమెరికన్లతో కలిసి ముట్టడించాల్సిన న్యూపోర్ట్ రేవు. హౌతో తలపడబోతుండగా తుఫాను వచ్చి దెస్తాంగ్ సొంత ఓడ లాంగ్‌డాక్ తెరచాప కొయ్యలన్నీ విరిగిపోయాయి, చుక్కాని పోయింది. మరమ్మతుకని బోస్టన్ వెళ్లిపోతే, అమెరికన్ జనరల్స్ నమ్మించి మోసం చేశారని మండిపడ్డారు. బోస్టన్ వీధుల్లో జరిగిన గొడవలో ఒక ఫ్రెంచ్ అధికారి చనిపోయాడు కూడా. 1779 అక్టోబర్‌లో సవానా మీద దాడి చేస్తే అదీ తిప్పికొట్టారు.

1781లో ఏం మారింది? నా లెక్కలో మూడు కలిశాయి: ఒక అడ్మిరల్ తెగింపు, స్పెయిన్ డబ్బు, బ్రిటిష్ వాళ్ల పొరపాట్లు.

ఫ్రెంచ్ అడ్మిరల్ ద గ్రాస్ 1781 మార్చి 22న బ్రెస్ట్ నుంచి కరీబియన్‌కి బయల్దేరాడు. వాషింగ్టన్ ధ్యాసంతా న్యూయార్క్ మీదే. న్యూపోర్ట్‌లో సేనలతో ఉన్న ఫ్రెంచ్ జనరల్ రోషాంబో మాత్రం చీసపీక్ మేలని ద గ్రాస్‌కి సూచించాడు. ఇక్కడే స్పెయిన్ పాత్ర వస్తుంది, దీన్ని చాలామంది వదిలేస్తారు. స్పానిష్ ప్రతినిధి సావెద్రా జూలైలో కరీబియన్‌లోని కాప్ ఫ్రాంసే రేవులో ద గ్రాస్‌ని కలిశాడు. ఫ్రెంచ్ దీవుల రక్షణ స్పెయిన్ చూసుకుంటుంది, ఓడలన్నీ ఉత్తరానికి తీసుకెళ్లమన్నాడు. ద గ్రాస్ స్వదేశానికి పోవాల్సిన వర్తక ఓడల్ని కూడా రేవులోనే ఆపేశాడు, వాటికి కాపలా ఓడలు ఇవ్వాల్సి వస్తుందని. వర్తకులు ఎంత గోల చేసి ఉంటారో ఊహించుకోండి. సైన్యానికి జీతాలకి డబ్బు లేదంటే హవానాలో 5,00,000 పెసోలు పోగుచేసి ఇచ్చారు. అలా 28 పెద్ద యుద్ధనౌకలు, 3,000 మందికి పైగా సైనికులు, వెండి నాణేలతో ద గ్రాస్ ఆగస్టు చివర్లో చీసపీక్ చేరాడు.

బ్రిటిష్ వైపు చూడండి. కరీబియన్‌లో అడ్మిరల్ రాడ్నీ సెయింట్ యుస్టేషియస్ కొల్లసొమ్ము సర్దుకోవడంలో నెలలు గడిపి, ఆరోగ్యం బాగోలేదని ఇంటికి పోయాడు. పోతూ కొన్ని ఓడలు తనతో తీసుకెళ్లాడు. ద గ్రాస్ అన్ని ఓడల్నీ తీసుకెళ్తాడని వాళ్లెవరూ అనుకోలేదు. 14 ఓడలిచ్చి అడ్మిరల్ హుడ్‌ని పంపారు. హుడ్ ఓడలకి అడుగున రాగి రేకు తొడిగి ఉంది. చెక్క ఓడ వేడి నీళ్లలో కొన్నాళ్లుంటే అడుగంతా నాచు, గుల్లలు పట్టి నడక మందగిస్తుంది. ఇప్పుడు మేం యాంటీ ఫౌలింగ్ పెయింట్ వేసినా, వెచ్చటి రేవుల్లో ఎక్కువ రోజులు యాంకర్ మీద నిలబడితే స్పీడ్ పడిపోయి ఫ్యూయల్ బిల్లు పెరుగుతుంది. రాగి ఆ బెడద తప్పించింది. కానీ చూడండి విచిత్రం: ఆ వేగం వల్లే హుడ్ ఫ్రెంచివాళ్లని దాటేసి ముందే ఆగస్టు 25న చీసపీక్ చేరాడు. అక్కడ ఎవరూ లేరు. శత్రువు ఇటు రాలేదనుకుని నేరుగా న్యూయార్క్ వెళ్లిపోయాడు. కొద్ది రోజుల్లోనే ద గ్రాస్ అదే చోట లంగరు దించాడు.

సెప్టెంబర్ 5. ఫ్రెంచ్ ఓడలు అఖాతం ముఖద్వారానికి దక్షిణపు కొస అయిన కేప్ హెన్రీ లోపల లిన్‌హేవెన్ దగ్గర లంగరేసి ఉన్నాయి. ఇప్పటికీ బొగ్గు కోసం బెర్త్ దొరికేదాకా ఓడలు ఆగే చోటు అదే ప్రాంతం. అక్కడ యాంకర్ వాచ్‌లో నిలబడినవాళ్లకి తెలుసు: పోటు మారినప్పుడల్లా ఓడ మూతి తిరిగిపోతుంది, ఉత్తరం గాలి గట్టిగా వీస్తే దక్షిణాన కేప్ హెన్రీ ఇసుక తీరం మరీ దగ్గరగా కనిపిస్తుంది. ఇంజన్ ఉన్న మాకే అక్కడ ఒళ్లు దగ్గర పెట్టుకోవాల్సి వచ్చేది.

ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతంలో తెరచాపలు కనబడ్డాయి. న్యూయార్క్‌లోని బ్రిటిష్ అడ్మిరల్ గ్రేవ్స్, హుడ్ కలిసి 19 పెద్ద యుద్ధనౌకలు. ఆ సమయానికి ఫ్రెంచ్ నావికులు సుమారు 1,900 మంది పడవలతో ఒడ్డుకి సైన్యాన్ని దించే పనిలో ఉన్నారు. గాలి ఉత్తర ఈశాన్యం నుంచి వీస్తోంది. అడ్డ తెరచాపల ఓడ గాలి వచ్చే దిక్కుకి సుమారు 67 డిగ్రీల కంటే దగ్గరగా పోలేదు. అఖాతం నుంచి బయటికి దారి తూర్పు. అంటే ఆ గాలిలో ఓడ పోగలిగే చివరి అంచు అది. గాలి కాస్త పక్కకి మళ్లినా కేప్ హెన్రీ మీదికి కొట్టుకుపోతారు. పైగా మధ్యాహ్నం దాకా పోటు ఎదురు. పోటు తిరిగాక లంగర్లు పైకి లాగే టైం లేక తాళ్లు నరికేసి, ఒక వరుస అంటూ లేకుండా, ఎవరికి వీలైనట్టు వాళ్లు 24 ఓడలు బయటికొచ్చాయి. ముందున్నవాటికీ వెనకున్నవాటికీ మధ్య పెద్ద ఖాళీ.

గ్రేవ్స్ చెయ్యాల్సింది అప్పుడే మీద పడటం. గాలి ఆయన వెనక ఉంది, శత్రువు ఒక్కొక్కడుగా బయటికొస్తున్నాడు. ఆయన పడలేదు. అప్పటి నియమం ప్రకారం వరుస కట్టి, దిశ మార్చి, ఫ్రెంచ్ వరుస కుదురుకునేదాకా ఆగాడు. నాలుగు దాటాక ఫిరంగులు పేలాయి. అప్పుడు కూడా "దగ్గరికెళ్లి కొట్టండి" అన్న జెండాతో పాటు "వరుస తప్పొద్దు" అన్న జెండా ఎగురుతూనే ఉంది. వెనక భాగానికి నాయకుడైన హుడ్ వరుస జెండానే పట్టుకుని కూర్చున్నాడు. ఆయన ఓడలు దాదాపుగా పోరులోకే రాలేదు. కావాలనే అలా చేశాడని, జెండాల తికమకే కారణమని చరిత్రకారులు ఇంకా కొట్టుకుంటున్నారు. నా మటుకు నాకు, పైవాడి ఆర్డర్ రెండు రకాలుగా ఉంటే కింద ఉన్నవాడు తనకి అనుకూలమైనదే పట్టుకుంటాడు. ఏ ఓడ మీదైనా ఇంతే.

పొద్దుగూకేసరికి కాల్పులు ఆగాయి. బ్రిటిష్ వాళ్లలో 90 మంది చనిపోయారు. నీళ్లు ఎక్కుతున్న టెరిబుల్ అనే ఓడని తర్వాత వాళ్లే తగలబెట్టుకున్నారు. ఫ్రెంచివాళ్ల గుళ్లు కొయ్యలకీ తాళ్లకీ ఎక్కువ తగిలాయి. అసలు దెబ్బ అదే. కొయ్య విరిగిన ఓడ మునగదు, కానీ కావలసిన చోటికి పోలేదు. ఆ తర్వాత కొన్ని రోజులు రెండు నౌకాదళాలూ దక్షిణానికి కొట్టుకుపోతూ ఒకదాన్నొకటి చూస్తూ గడిపాయి. ఈలోగా న్యూపోర్ట్ నుంచి ఫ్రెంచ్ అడ్మిరల్ బారాస్ ముట్టడి ఫిరంగులతో సెప్టెంబర్ 10న అఖాతంలోకి జొరబడ్డాడు. ద గ్రాస్ కూడా వెనక్కి వచ్చి తలుపేశాడు. గ్రేవ్స్ మరమ్మతుకి న్యూయార్క్ పోయాడు. యార్క్‌టౌన్‌లో నేల వైపు నుంచి వాషింగ్టన్, రోషాంబో సేనలు ముట్టడించిన కార్న్‌వాలిస్ సైన్యం అక్టోబర్ 19న ఆయుధాలు దించింది. సహాయక సేనలతో బ్రిటిష్ నౌకాదళం న్యూయార్క్ నుంచి బయల్దేరింది కూడా సరిగ్గా ఆ రోజే.

ఒక జాగ్రత్త. దీన్నంతా విధి రాత అన్నట్టు చదవకండి. ద గ్రాస్ అక్టోబర్ మధ్య దాకానే ఉంటానని చెప్పి వచ్చాడు. ముట్టడి ఇంకాస్త సాగి ఉంటే కథ వేరు. ఆరు నెలలకి, 1782 ఏప్రిల్ 12న, సెయింట్స్ దీవుల దగ్గర రాడ్నీ అదే ద గ్రాస్‌ని ఓడించి, విల్ ద పారిస్ అనే ఆయన ఓడతో సహా బందీగా పట్టుకున్నాడు. అప్పటికి అమెరికాలో జరగాల్సింది జరిగిపోయింది.

మన తీరం సంగతి చెప్పకపోతే ఈ జవాబు సగమే. ఈ యుద్ధం బంగాళాఖాతం దాకా వచ్చింది. 1778లోనే ఇంగ్లిష్ కంపెనీ పుదుచ్చేరితో పాటు యానాం, మచిలీపట్నంలోని ఫ్రెంచ్ స్థావరాల్ని ఆక్రమించింది. 1779లో మాహే పట్టుకోవడంతో హైదర్ అలీకి మండింది, ఆయనకి ఆయుధాలు దిగే రేవు అది. అదే ఏడాది కంపెనీ నిజాం సోదరుడు బసాలత్ జంగ్ దగ్గర్నుంచి గుంటూరు సర్కారు తీసుకోవడంతో నిజాంకి కూడా కోపం వచ్చింది. హైదర్, మరాఠాలు, నిజాం ఒక్కటయ్యే పరిస్థితి చూసి వారన్ హేస్టింగ్స్ గుంటూరుని నిజాంకి తిరిగి ఇప్పించి ఆయన్ని చల్లబరిచాడు. లండన్‌లో చేతకాని పని ఇక్కడ చేతనైంది: శత్రువుల్ని విడగొట్టడం. విశాఖపట్నంలోనైతే 1780 అక్టోబర్ 3న, హైదర్ మీద పోరుకి ఓడెక్కి మద్రాసు పొమ్మంటే కంపెనీ సిపాయిలు ఎదురు తిరిగి కాల్పులు జరిపారు.

ద గ్రాస్‌తో ఒకే రోజున బ్రెస్ట్ వదిలిన ఇంకో చిన్న దళం ఉంది. దానికి నాయకుడు సఫ్రెన్. ఆయన ఇటు వచ్చి 1782 ఫిబ్రవరి నుంచి 1783 జూన్ దాకా బ్రిటిష్ అడ్మిరల్ హ్యూస్‌తో ఐదుసార్లు తలపడ్డాడు: సద్రాస్, ప్రొవిడియన్, నాగపట్నం, ట్రింకోమలి, కడలూరు. రెండోది జరిగింది 1782 ఏప్రిల్ 12న, అంటే అక్కడ సెయింట్స్ యుద్ధం జరిగిన రోజే. ఈ ఐదింటిలోనూ ఏ పక్షం పెద్ద ఓడా ఎదుటివాడికి చిక్కలేదు. కారణం ఇక్కడి వాళ్లకి వివరించి చెప్పక్కర్లేదు. కోరమాండల్ తీరంలో అప్పుడు ఓడలకి ఆసరా ఇచ్చే రేవు లేదు. మద్రాసులో కూడా బయట సముద్రంలో లంగరేసి, పడవల్లో అలల మీదుగా ఒడ్డుకి రావాలి. అక్టోబర్‌లో ఈశాన్య రుతుపవనం మొదలైతే తీరం దగ్గర నిలిచే ఓడ బతకదు. హ్యూస్ బొంబాయి పోవాల్సి వచ్చింది. సఫ్రెన్‌కి ఆ వసతి కూడా లేదు, సుమత్రాలోని అచేలో తల దాచుకున్నాడు. అందుకే ట్రింకోమలి కోసం అంత పోరు.

చివరి పోరు చూడండి, చీసపీక్‌కి అద్దంలో బొమ్మలా ఉంటుంది. కడలూరులో ఇరుక్కున్నది ఫ్రెంచ్ సైన్యం. దాని నాయకుడు బుస్సీ. అవును, 1757లో విజయనగరం రాజు వైపు నిలిచి బొబ్బిలి కోట మీదికి వెళ్లిన ఆ బుస్సీయే, ఇప్పుడు ముసలితనంలో కీళ్ల జబ్బుతో. సఫ్రెన్ దగ్గర 15 ఓడలు, హ్యూస్ దగ్గర 18. ఫిరంగుల దగ్గర మనుషులు చాలక సఫ్రెన్ బుస్సీ నుంచి 1,200 మందిని ఓడల్లోకి ఎక్కించుకున్నాడు. జూన్ 20న పోరు మళ్లీ తేలలేదు, కానీ నీళ్లు తగ్గి, నావికులు స్కర్వీతో పడిపోయి హ్యూస్ మద్రాసు వెళ్లిపోయాడు. సఫ్రెన్ అక్కడే నిలిచాడు, ముట్టడి చేసేవాళ్లకి సముద్రం దారి మూసుకుపోయింది. కొద్ది రోజులకే యూరప్ నుంచి కబురొచ్చింది: ప్రాథమిక సంధి జనవరిలోనే అయిపోయిందని.

సంధి గురించి ఎక్కువ చెప్పను. విడిగా సంధి చేసుకోమని మాటిచ్చిన అమెరికన్లు 1782 నవంబర్ 30న వెర్జెన్‌కి చెప్పకుండా బ్రిటన్‌తో షరతులు ఖరారు చేసుకున్నారు. స్పెయిన్‌కి మినోర్కా, ఫ్లోరిడాలు దక్కాయి, జిబ్రాల్టర్ దక్కలేదు. డచ్చివాళ్లకి నాగపట్నం పోయింది. అందరికంటే ఎక్కువ ఖర్చు పెట్టిన ఫ్రాన్స్‌కి వచ్చింది కొన్ని దీవులు, యానాం లాంటి పాత స్థావరాలు, కొండంత అప్పు.

ఇక జాన్ పాల్ జోన్స్. ధైర్యవంతుడే, సందేహం లేదు. అమెరికా ప్రైవేటు దోపిడీ ఓడలు బ్రిటిష్ వర్తకుల ఇన్సూరెన్స్ ఖర్చుల్ని బాగా పెంచాయి, అది నిజమైన దెబ్బ. కానీ కాంగ్రెస్ కట్టించిన నౌకాదళం యుద్ధం గతిని మార్చలేదు. 1775లో మంజూరైన 13 ఫ్రిగేట్లలో (చిన్న తరహా యుద్ధనౌకల్లో) యుద్ధం చివరికి ఒక్కటీ మిగల్లేదు. 1779 సెప్టెంబర్ 23న బ్రిటిష్ యుద్ధనౌక సెరాపిస్‌ని పట్టుకున్న జోన్స్ ఓడ బాన్‌హోమ్ రిచర్డ్ కూడా ఫ్రాన్స్ ఇచ్చినదే. అంతకు ముందు అది తూర్పు దేశాల వర్తకం చేసిన పాత ఓడ. ఆ పోరులో అమెరికా ఫ్రిగేట్ ఒకటి చీకట్లో శత్రువుతో పాటు జోన్స్ ఓడ మీద కూడా కాల్చింది. దాని పేరు అలయన్స్ (ఆ 13లోది కాదు), ఫ్రాన్స్‌తో కుదిరిన పొత్తు గౌరవార్థం పెట్టిన పేరు. యుద్ధం తర్వాత కూడా మిగిలిన ఆ ఓడని పోషించలేక కాంగ్రెస్ 1785లో అమ్మేసింది. మళ్లీ యుద్ధనౌకలు కట్టాలని అమెరికా చట్టం చేసింది 1794లో.